మోత పెరిగింది, దెబ్బ తగ్గింది

మొన్న దీపావళికి శ్రీరాంపూర్ కాలనీలో మోగిన ఒక దండారి డీజే మిక్స్ గురించి రాస్తున్నాం. చేసింది మన పిల్లవాడే. పేరు రాయడం లేదు, ఇలాంటివి చేసే పిల్లలు చాలామంది ఉన్నారు కాబట్టి.

మొదటి 20 సెకన్లు నిజంగా బాగున్నాయి. బొగ్గు బెల్టు నడిచే కరకర చప్పుడును ఫోన్‌లో పట్టి పెట్టాడు. దాని మీద తుడుం, ఎక్కడ పడుతుందో తెలియకుండా పడింది. బాయి పక్కన బతికేవాళ్లకు ఇది తెలిసిన లోకం. తర్వాత కిక్ డ్రమ్ వచ్చింది. వచ్చింది ఇక పోలేదు. 4 నిమిషాలు ఒకే వేగం, ఒకే బలం. పెప్రె ఎక్కడో అడుగున నలిగిపోయింది.

మోత ఎక్కువైందని కాదు మా బాధ. షిఫ్టు సైరన్‌కూ ఓపెన్‌కాస్ట్ బ్లాస్టింగ్‌కూ మధ్య పెరిగిన పిల్లలను మెల్లగా పాడమనడం అన్యాయం. యంత్రాల చప్పుడుతో సంగీతం కట్టడం కొత్త కూడా కాదు. ఇంగ్లండులో త్రాబింగ్ గ్రిసిల్ బృందం 1976లోనే తమ రికార్డుల సంస్థకు ఇండస్ట్రియల్ రికార్డ్స్ అని పేరు పెట్టుకుంది. ఆ రకం సంగీతానికి ఆ పేరే నిలిచింది. మనకు ఇంకా దగ్గరిది లండన్ బృందం టెస్ట్ డిపార్ట్‌మెంట్. 1984-85లో బ్రిటన్ బొగ్గుగని కార్మికులు సమ్మె చేసినప్పుడు, సౌత్ వేల్స్ సమ్మె కార్మికుల గాయక బృందంతో కలిసి షోల్డర్ టు షోల్డర్ అనే రికార్డు తెచ్చింది. అందులో ఇనుప దెబ్బలున్నాయి, కార్మికుల గొంతులూ ఉన్నాయి. ఒకటి రెండోదాన్ని మింగలేదు. అందుకే ఆ కోపం ఎవరిదో వినేవాడికి తెలుస్తుంది.

మన మిక్స్‌లో ఆ కోపం ఎవరిదో తెలియదు. డోలు కొట్టేవాడు గుస్సాడి అడుగు చూస్తూ జోరు పెంచుతాడు, తగ్గిస్తాడు. ఆ పట్టూ విడుపూ కంప్యూటర్ గీతల మీదికి లాగి సరిచేస్తే చెడిపోతుంది. పైగా కంప్రెసర్ అతిగా వాడితే చిన్న దెబ్బా పెద్ద దెబ్బా ఒకే ఎత్తుకు వస్తాయి. పెద్దది పెద్దగా వినపడాలంటే దాని ముందు చిన్నది ఉండాలి కదా! బాక్సులు ఎన్ని పెట్టినా అది రాదు. గుండె అదురుతుంది, అంతే. లారీ పోయినా అదురుతుంది.

ఇంకో సంగతి ఉంది, మాకు ఇదే పెద్దది. మర్లవాయి కనకరాజు గారికి 2021లో గుస్సాడికి పద్మశ్రీ వచ్చినప్పుడు అందరం వాట్సాప్ స్టేటస్‌లు పెట్టుకున్నాం. ఆయన ఆడుతుంటే వెనక డోలు కొట్టినవాళ్ల పేర్లు మనలో ఎందరికి తెలుసు? ఈ మిక్స్‌లోనూ అంతే. ప్రతి అర నిమిషానికీ డీజే పేరు అరుస్తుంది. డోలు ఏ గూడేనిదో, పెప్రె ఊదిన తాత ఎవరో ఎక్కడా లేదు. పూజ చేసి బయటికి తీసే వాయిద్యాలవి. వచ్చే దండారికి రికార్డు చేయబోయే పిల్లలు ముందు గూడెం పటేల్‌ను అడగాలి, వాయించినవాళ్ల పేర్లు రాసుకుని రావాలి, పాట మొదట్లో వాటిని వినిపించాలి. డీజే పేరు ఒక్కసారి చెబితే చాలు.