గ్రంథాలయ కొనుగోలు – ఊరి పుస్తకాల అంగడి

మద్రాసు పౌర గ్రంథాలయాల చట్టం 1948లో రూపొంది 1950లో అమలులోకి వచ్చింది. దాని వెనుక ఎస్.ఆర్. రంగనాథన్ కృషి ఉంది. అది అమలైననాటి ముఖ్యమంత్రి పి.ఎస్. కుమారస్వామి రాజా రాజపాళయం వారు, ఇంట తెలుగు మాట్లాడే రాజుల కుటుంబానికి చెందినవారు. నాడు కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా ఆ చట్టం కిందనే ఉండేవి. ఈ చట్టాన్నీ, 1955 నాటి హైదరాబాదు చట్టాన్నీ కలిపి 1960లో ఆంధ్రప్రదేశ్ తన చట్టం చేసుకున్నది.

చట్టానికి ఆయువుపట్టు గ్రంథాలయ పన్ను. తమిళనాట ఇప్పుడది ఇంటిపన్ను రూపాయికి 10 పైసలు. అంటే రాజపాళయంలో సొంత ఇల్లున్న ప్రతివారూ పుస్తకాలకు డబ్బు కడుతున్నారన్నమాట. ఆ డబ్బు ఏ దారిన పుస్తకమై ఊరికి తిరిగివస్తున్నదో పరిశీలించడం అవసరం.

పుస్తకాల ఎంపిక ప్రధానంగా చెన్నైలో జరుగుతుంది. ప్రచురణకర్తలు పౌర గ్రంథాలయ శాఖకు పుస్తకాలు సమర్పిస్తారు. ఎంపికైన వాటిని శాఖ వందల ప్రతులుగా కొని జిల్లాలకు పంపుతుంది. ఈ పద్ధతిని తేలికగా తీసిపారేయలేము. ఎందరో తమిళ రచయితల తొలి ముద్రణలు ఈ కొనుగోలు అండతోనే వెలువడ్డాయి. అయితే ఈ దారిలో ఊరి పుస్తకాల అంగడికి చోటు లేదు. పాఠ్యపుస్తకాలు, గైడ్లు, నోటు పుస్తకాలతో బడులు తెరిచే నెలలో నాలుగు డబ్బులు చూసుకునే అంగడివాడికి, ఏడాదంతా సాహిత్యం నిలవ ఉంచాలంటే నమ్మకమైన కొనుగోలుదారు ఒకరుండాలి. ఊళ్లో అలా కాగలిగినది గ్రంథాలయం ఒక్కటే. అది తన అవసరాలకు చెన్నై వైపు చూస్తుంటే అంగడివాడు గైడ్లకే పరిమితమవుతాడు. పక్కనే శివకాశిలో రేయింబవళ్లు అచ్చుయంత్రాలు తిరుగుతున్నా, రాజపాళయం పాఠకుడికి కావలసిన పుస్తకం కోసం మదురై బస్సెక్కక తప్పదు.

ఈ నష్టం తెలుగువారికి రెండింతలు. రాజపాళయంలో తెలుగు ఇంటి భాష, తమిళం బడి భాష. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తర్వాత బడిలో తెలుగు లిపి నేర్చే అవకాశం ఇంకా కుంచించుకుపోయింది. తమిళ పాఠకుడికి అంగడిలో దొరకని పుస్తకం గ్రంథాలయంలోనైనా దొరకవచ్చు. తెలుగు పాఠకుడికి రెండుచోట్లా దొరకదు. అడిగేవారు లేరని అంగడివాడు తెప్పించడు, కంట పడదు గనుక ఎవరూ అడగరు. ఈ చక్రాన్ని మనం కూడా తిప్పుతున్నాము. భాషాభిమానంతో హైదరాబాదు నుంచి ఉచితంగా పుస్తకాల కట్టలు తెచ్చి పంచుతాము. ఉద్దేశం మంచిదే. కాని ఉచితం ఒక్కనాటి పండుగ. మరునాడు మరో పుస్తకం కావలసిన పిల్లవాడు ఎవరి గడప తొక్కాలి?

ఇతర దేశాలు ఈ సమస్యను చట్టంతో ఎదుర్కొన్నాయి. కెనడాలోని క్విబెక్‌లో 1981 నుంచి ప్రభుత్వ సంస్థలు తమ ప్రాంతంలోని గుర్తింపు పొందిన పుస్తక విక్రేతల దగ్గరే, మామూలు ధరకే కొనాలి. ఫ్రాన్సు 2003లో గ్రంథాలయాలకిచ్చే తగ్గింపును 9 శాతానికి పరిమితం చేసింది. పెద్ద తగ్గింపులిచ్చి చిన్న అంగళ్లను తోసివేసే పోటీని అరికట్టడమే దీని ఆంతర్యం. చౌకగా కొనడమే ప్రజాధనాన్ని కాపాడటం అనుకునే మన లెక్కలో, మూతపడే అంగడి ఖరీదు ఎక్కడా కనిపించదు.

కేంద్రీకృత కొనుగోలును రద్దు చేయమనడం లేదు. అందులో ఒక చిన్న భాగాన్ని జిల్లా గ్రంథాలయానికి వదిలి, పాఠకుల కోరికల పట్టిక ప్రకారం స్థానిక విక్రేత ద్వారా కొనిపిస్తే చాలు. ధరల విషయంలో అక్రమాలు జరుగుతాయన్న భయం సహేతుకమే. దానికి అచ్చు ధర, నిర్ణీత తగ్గింపు, బహిరంగ పట్టిక అన్న మూడు కట్టుబాట్లు సరిపోతాయి. మొదటి ఏడు ఆ పట్టికలో పది తెలుగు పుస్తకాలున్నా మేలే.

ఆంధ్రదేశానికి వెలుపల చదువుకుంటున్న మన విద్యార్థులు చేయగలిగిన పని ఒకటుంది. మీ ఊరి గ్రంథాలయంలో కావలసిన తెలుగు పుస్తకం పేరు రాతపూర్వకంగా అడగండి. అదే పేరు ఊరి అంగడిలోనూ అడగండి, తెప్పిస్తే డబ్బిచ్చి కొనండి. కుమారస్వామి రాజా ఊళ్లో తెలుగు మాట వినపడుతూనే ఉంది. తెలుగు అక్షరం కంటికి కనపడటం మాత్రం ఇక మన కొనుగోలు మీద ఆధారపడి ఉంది.