బండి కదిలాక ఫ్రిజ్ సంగతి

అమెరికాలో వేసవి సెలవులు రాగానే ఆర్‌వీ అద్దెకు తీసుకుని ఎల్లోస్టోన్‌కో గ్రాండ్ కాన్యన్‌కో బయలుదేరే తెలుగు కుటుంబాలు ఇప్పుడు కొత్త కాదు. పడకలు, పొయ్యి, బాత్‌రూమ్ అన్నీ చక్రాల మీదే ఉండే ఆ బండిలో అందరికంటే ముందు ఎక్కేది తిండి సామాను. రుబ్బిన దోసెల పిండి, తోడుపెట్టిన పెరుగు, పిల్లల పాలు, మసాలా పట్టించిన చికెన్, గోంగూర పచ్చడి. అద్దెకిచ్చినాయన ఏ మీట ఎందుకో గబగబా చెప్పేసి తాళాలు చేతిలో పెడతాడు. బండి నడుస్తున్నంతసేపూ ఈ ఫ్రిజ్ దేని మీద నడుస్తుంది అన్న ప్రశ్న మాత్రం ఎవరికీ తట్టదు. వంటిల్లు వెంటబెట్టుకుని తిరిగే వాళ్లు మొట్టమొదట అడగాల్సింది అదే.

ఇంట్లో ఫ్రిజ్‌కు కంప్రెసర్ ఉంటుంది, కరెంటు పోతే ఆగిపోతుంది. ఆర్‌వీల్లో దశాబ్దాలుగా వాడుతున్నది వేరే రకం. దాన్ని అబ్జార్ప్షన్ ఫ్రిజ్ అంటారు. చల్లదనం పుట్టించడానికి అది వాడేది వేడిని. స్టాక్‌హోమ్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చదువుకుంటున్న ఇద్దరు కుర్రాళ్లు, బాల్ట్‌సర్ వాన్ ప్లాటెన్, కార్ల్ మున్‌టెర్స్, 1922లో దీన్ని రూపొందించారు. 1925లో ఎలక్ట్రోలక్స్ ఆ హక్కులు కొనుక్కుంది. ఈనాడు ఆర్‌వీ ఫ్రిజ్‌ల మీద తరచూ కనిపించే డొమెటిక్, ఆ ఎలక్ట్రోలక్స్ నుంచి విడివడిన కంపెనీయే. ఐన్‌స్టీన్ కూడా లియో సిలార్డ్‌తో కలిసి కదిలే భాగాలు లేని ఫ్రిజ్ మీద పనిచేసి 1930లో అమెరికా పేటెంట్ సంపాదించాడు. అంతటి మేధావులను పట్టి లాగిన సమస్య ఇది.

లోపల జరిగేది చూస్తే ముచ్చటేస్తుంది. వెనక ఉన్న గొట్టాల్లో నీళ్లు, అమ్మోనియా, హైడ్రోజన్ ఉంటాయి. కింద చిన్న మంట వెలుగుతుంటే అమ్మోనియా నీళ్లలోంచి ఆవిరై పైకి పోతుంది, పైన చల్లబడి ద్రవమవుతుంది, అక్కణ్నుంచి హైడ్రోజన్ ఉన్న గొట్టంలోకి జారి మళ్లీ ఆవిరవుతుంది. అలా ఆవిరయ్యేటప్పుడు పెట్టెలోని వేడిని లాక్కుంటుంది. తరవాత నీళ్లలో కలిసి మొదటికొస్తుంది. పంపు లేదు, మోటారు లేదు, చప్పుడు లేదు. ద్రవం తన బరువుకు తానే కిందికి జారడమే ఈ యంత్రం నడక.

ఆ మంట స్థానంలో కరెంటు హీటరైనా సరిపోతుంది. క్యాంప్‌గ్రౌండ్‌లో ప్లగ్గు పెడితే 120 వోల్టుల మీద నడుస్తుంది. కొన్నింటికి 12 వోల్టుల హీటర్ కూడా ఉంటుంది. బండి హైవే ఎక్కాక మాత్రం ప్లగ్గు ఉండదు కనుక చాలా బండ్లలో మిగిలేది ప్రొపేన్ ఒక్కటే. గంటకు 65 మైళ్ల వేగంతో పోతున్న బండిలో వాల్వు తెరిచిన గ్యాస్ బండ, వెలుగుతున్న మంట. ఉంచాలా, ఆపాలా?

ఉంచేవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్ల మాట కొట్టిపారేయదగ్గదీ కాదు. మంట చిన్నది, దాని గది బయటి గాలికే తెరుచుకుని ఉంటుంది, గొట్టం తెగి గ్యాస్ ఒక్కసారిగా ఎగదన్నితే ఆపడానికి బండ దగ్గర ఒక రక్షణ వాల్వు ఉంటుంది. అమెరికా మొత్తానికీ వర్తించే నిషేధం కూడా లేదు. అయితే ఆ వాల్వు పెద్ద ధారను ఆపగలదే గాని, గొట్టం చిట్లి సన్నగా కారే గ్యాస్‌ను పట్టుకోలేదు. టైరు పేలి దాని రబ్బరు ముక్కలు బండి అడుగుభాగాన్ని చీల్చేస్తే గ్యాస్ గొట్టం ఉండేది అక్కడే. యూరప్‌లో దీనికి వేరే దారి చూశారు. ట్రూమా లాంటి జర్మన్ కంపెనీలు, బండి దేన్నైనా గుద్దుకోగానే గ్యాస్‌ను తనంతట తానే కట్టేసే రెగ్యులేటర్లు చేస్తున్నాయి. అలాంటిది బిగించుకున్నవాడు మంట ఉంచి నడిపితే అర్థం ఉంది. మామూలు అద్దె బండిలో అది ఉందనుకుని నడపడం తగదు.

మంట వెలుగుతున్న బండితో పెట్రోలు బంకులోకి వెళ్లడం మరీ ప్రమాదం. నింపే మూత దగ్గరే హెచ్చరిక అంటించి ఉంటుంది: ఇంధనం పోసే ముందు మంటలన్నీ ఆర్పేయాలి. పిల్లలు బాత్‌రూమ్ అని తొందరపెడుతుంటే, వెనక కారువాడు హారన్ కొడుతుంటే అది ఎంతమందికి గుర్తుంటుంది?

సొరంగాల సంగతి ఇంకోటి. న్యూజెర్సీ నుంచి వర్జీనియా వైపు వెళ్లే మనవాళ్లకు బాల్టిమోర్ తప్పదు. అక్కడి ఫోర్ట్ మెక్‌హెన్రీ, హార్బర్ టనెల్స్‌లోకి 10 పౌండ్లకు మించిన ప్రొపేన్ బండతో రానివ్వరు. ఆర్‌వీల్లో సాధారణంగా ఉండేది 20 లేదా 30 పౌండ్ల బండ. వాల్వు కట్టేశాం అన్నా కుదరదు. ఇదివరకు అలాంటి బండ్లు ఫ్రాన్సిస్ స్కాట్ కీ వంతెన మీదుగా వెళ్లేవి. 2024 మార్చి 26న సరుకుల ఓడ ఢీకొని ఆ వంతెన కూలిపోయాక, నగరానికి పడమటి వైపు 695 హైవే మీదుగా చుట్టు తిరగాల్సి వచ్చింది. వర్జీనియాలోని చెసపీక్ బే బ్రిడ్జ్-టనెల్‌లో పరిమితికి లోబడిన బండలను వాల్వు కట్టేస్తే అనుమతిస్తారు. జీపీఎస్ ఇవేవీ చెప్పకపోవచ్చు. మ్యాపు ముందే చూసుకోవాలి.

ఇంత చేసి మంట ఉంచినా అది వెలుగుతూనే ఉంటుందన్న నమ్మకం లేదు. ఎదురుగాలికి ఆరిపోతుంది. ఫ్రిజ్ మళ్లీమళ్లీ వెలిగించడానికి ప్రయత్నించి, చేతకాక ఎర్రదీపం పెట్టి ఊరుకుంటుంది. స్టీరింగ్ దగ్గరున్నవాడికి ఆ దీపం కనపడదు. 5,500 అడుగుల ఎత్తు దాటితే పలచని గాలికి మంట సరిగా నిలవదు. ఎల్లోస్టోన్‌లో ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ గీజర్ ఉన్నది 7,300 అడుగుల పైన.

అందుకే తీర్పు స్పష్టం: చక్రం కదిలే ముందు బండ కట్టేయాలి. ఊరెళ్లేటప్పుడు వంటింట్లో రెగ్యులేటర్ ఆపి తాళం వేసే మనకు ఇది కొత్త నేర్పు కాదు.

కట్టేస్తే తిండి పాడవదా? తలుపు తీయకుండా ఉంచితే ఫ్రిజ్‌లోని పదార్థాలు దాదాపు 4 గంటలు సురక్షితమని అమెరికా ఆహార భద్రతా అధికారులే చెబుతారు. నిండుగా ఉన్న ఫ్రీజర్ విడిగా ఉంటే 48 గంటలు నిలుస్తుంది. ఆర్‌వీ ఫ్రీజర్ చాలా చిన్నది, దాని మీద అంత భరోసా వద్దు. ఆ 4 గంటలు దక్కాలంటే ముందురోజు కష్టపడాలి. అబ్జార్ప్షన్ ఫ్రిజ్ నిదానస్తురాలు, పూర్తిగా చల్లబడటానికి ఒక రాత్రి పడుతుంది. ముందురోజు సాయంత్రమే ప్లగ్గు పెట్టి, ఇంటి ఫ్రిజ్‌లో చల్లబడిన సామానే అందులోకి మార్చాలి. గడ్డకట్టిన నీళ్ల సీసాలు చికెన్ డబ్బాకు ఆనించి పెట్టాలి. దారిలో తాగే నీళ్లు, పిల్లల చిరుతిళ్లు వేరే ఐస్‌బాక్సులో ఉండాలి, లేకపోతే తలుపు గంటకు పదిసార్లు తెరుచుకుంటుంది. దోసెల పిండి గిన్నెలో సగానికి మించి పోయకూడదు. చల్లదనం కాస్త తగ్గినా పొంగి మూత నెట్టుకొచ్చేది అదే. మధ్యాహ్నానికల్లా మూత ఉబ్బి పక్కనుంచి నురగ కనిపిస్తే పక్కనున్న పాల సంగతీ అనుమానించాలి.

ఈ ఫ్రిజ్‌కు అసలు హాని ప్రయాణంలో కాదు, ప్రయాణం ఆపినప్పుడు. రోడ్డు కుదుపులకు గొట్టాల్లో ద్రవం అటూ ఇటూ కదులుతూ సర్దుకుంటుంది. చెట్టు నీడ ఉంది కదా అని వాలు మీద ఆపి, ప్రొపేన్ వెలిగించి రెండు గంటలు భోజనాలకు కూర్చుంటే ద్రవం ఒకచోట నిలిచిపోయి బాయిలర్ గొట్టం మాడుతుంది. తుప్పు పట్టకుండా అందులో కలిపిన సోడియం క్రోమేట్ గట్టిపడి దారి మూసేస్తుంది. ఆ చెడు మళ్లీ బాగుకాదు. బాయిలర్ గొట్టం పగుళ్ల వల్ల మంటలంటుకునే ముప్పుందని 2006లో డొమెటిక్ దాదాపు 9 లక్షల ఫ్రిజ్‌లను రీకాల్ చేసింది. బండి అద్దెకు తీసుకునేటప్పుడు బయటి పక్కన ఫ్రిజ్ వెంట్ మూత తీసి చూడండి. బర్నర్ దగ్గర పసుపు పొడి రాలి ఉన్నా, ముక్కు మండించే అమ్మోనియా వాసన వచ్చినా ఆ బండి వద్దనండి.

కొత్త ఆర్‌వీలు చాలావరకు 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్‌లకు మారుతున్నాయి. మంట బెడద లేదు, వాలు బెడద అంతకంటే లేదు. నడిచేటప్పుడు 4, 5 ఆంపియర్లు లాగుతుంది, మధ్యమధ్య ఆగుతుంది. ఇంజిన్ ఆల్టర్నేటర్‌కు అది లెక్కలోది కాదు. వేసవి ఎండలో పైకప్పు మీద 200 వాట్ల సోలార్ ప్యానెల్ ఉంటే చిన్న ఫ్రిజ్‌కు రోజువారీ కరెంటు ఇంచుమించు అక్కడే దొరుకుతుంది. పాత రకం ఫ్రిజ్‌లోని 12 వోల్టుల హీటర్ అలా కాదు, ఏకధాటిగా 10 నుంచి 15 ఆంపియర్లు, పెద్దవైతే అంతకంటే ఎక్కువ తాగుతుంది. ఇంజిన్ ఆపాక మీట మార్చడం మరిచిపోతే రాత్రికి బ్యాటరీ ఖాళీ. వెనక తగిలించుకునే ట్రైలర్‌కైతే కారు నుంచి వచ్చే సన్నని తీగ ఆ కరెంటును మోయలేదు. కొనే ఆలోచన ఉన్నవాళ్లు కంప్రెసర్ ఫ్రిజ్ ఉన్న బండే కొనుక్కోవడం మేలు.

ఏ ఫ్రిజ్ అయినా లోపల ఒక థర్మామీటర్ వేలాడదీయండి, తక్కువ ధరకే దొరుకుతుంది. 40 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 4 సెల్సియస్ దాటి 2 గంటలకు పైగా ఉన్న చికెన్, పాలు మంచివో కావో వాసన చూసి తేల్చకండి. పారేయండి.