గీత దాటి పారే పని

అక్క కూతురి పెళ్లికి పిలవాల్సినవాళ్ల జాబితా నలుగురు నాలుగు ఫైళ్లలో పంపారు. ఒక బాబాయి పేరైతే నాలుగింట్లోనూ ఉంది. లినక్స్‌లో టెర్మినల్ తెరిచి, ఫైళ్లన్నీ 'సార్ట్'కి అప్పజెప్పి, అక్కణ్నుంచి 'యూనిక్'కి అందించాను. ఎంటర్ మీంచి వేలు తీసేలోపు బాబాయి ఒక్కడే మిగిలాడు.

ఈ యూనిక్ అదో రకం. పక్కపక్కనున్న ఒకేలాంటి వరుసల్నే గుర్తుపడుతుంది. మధ్యలో ఇంకో పేరు అడ్డొస్తే పోల్చుకోలేదు. అందుకే ముందు సార్ట్ అందర్నీ వరుసలో నిలబెట్టాలి. ఒకరి పని ఇంకొకరికి చేరవేసే నిలువు గీతే పైపు. డగ్ మెకిల్‌రాయ్ పట్టుబట్టగా 1973లో కెన్ థాంప్సన్ దాన్ని యూనిక్స్‌లో పెట్టాడు. వెతికిపెట్టే 'గ్రెప్' కూడా థాంప్సన్ చేతిపనే.

నాకు ముద్దొచ్చేది మాత్రం లెక్కల గుమాస్తా 'డబ్ల్యూసీ'. చివర ఎంటర్ కొట్టకుండా 'అమ్మ' అని ఇచ్చి అక్షరాలెన్నని అడగండి, 4 అంటుంది. అ, మ, పొల్లు, మళ్లీ మ. బైట్లు అడిగితే 12. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కోటీ 3 బైట్లు మరి. మన బళ్లో రెండక్షరాలే! అయినా దాని లెక్క దానికి సరే.

అన్నట్టు, సుబ్బారావు, సుబ్బా రావు ఇద్దరూ జాబితాలో ఉండిపోయారు. ఆయనకి రెండు శుభలేఖలు వెళ్లాయి.