వేలికొసన వైద్యం

రియాద్, జెడ్డా, దమ్మామ్‌లలో పనిచేసే మన జగిత్యాల, నిజామాబాద్ అన్నలు రాత్రి మూత్రానికి పదేపదే లేస్తున్నా, మూత్రధార సన్నబడినా సిగ్గుతో బయటికి చెప్పరు.

డాక్టరు ఆ సిగ్గును గౌరవిస్తూనే ప్రోస్టేట్ పరీక్ష చేస్తాడు. అదే నాకు గొప్పగా అనిపిస్తుంది. ముందు అనుమతి అడిగి, తెర లాగి, ఎడమ పక్కకు తిరిగి మోకాళ్లు ముడవమంటాడు. గ్లౌజు, జెల్లీతో చూపుడువేలు మలద్వారంలోకి మెల్లగా పోనిచ్చి, ముందువైపు గోడ మీదుగా ప్రోస్టేట్ గ్రంథిని తడుముతాడు. బిగించిన పిడికిట్లో బొటనవేలి కింది కండలా తగిలితే మామూలే. వేలి కణుపులా గట్టిగా తగిలితే క్యాన్సరేమోనని అనుమానం. మధ్య గాడి, రెండు వైపుల తేడా, నొప్పి అన్నీ ఆ వేలే చదవాలి. నిమిషం కూడా పట్టదు. గ్రంథి ముందు భాగం మాత్రం వేలికి అందదు, అందుకే పీఎస్‌ఏ రక్తపరీక్ష తోడు.

సౌదీ చట్టం ప్రకారం ప్రైవేటు ఉద్యోగికి ఆరోగ్య బీమా యజమానే చేయించాలి. అన్నా, కార్డు పట్టుకుని వెళ్లి చూపించుకోండి.