ఒకే కోడ్, రెండు ఆజ్ఞలు: వీఎంసీ, లేత్ ప్రోగ్రాముల తులన

‘జి90 ఎక్స్40. జెడ్-30. ఎఫ్0.2’. సీఎన్‌సీ ప్రోగ్రాములో ఇదొక వరుస. ఫానుక్ కంట్రోలు ఉన్న లేత్‌లో నడిపితే టూల్ వేగంగా 40 మి.మీ. డయాకు చేరుతుంది, తిరుగుడుకు 0.2 మి.మీ. చొప్పున జెడ్-30 దాకా కోస్తుంది, జాబ్ నుంచి బయటికి జరిగి మొదలైన చోటికే తిరిగొస్తుంది. ఒక్క వరుసతో నాలుగు కదలికలు. అదే వరుసను మిల్లింగ్ సెంటర్‌కు, అంటే షాపుల్లో వీఎంసీ అనేదానికి ఇస్తే అర్థం పూర్తిగా వేరు. ఇక కొలతలన్నీ జీరో నుంచే లెక్కించి, ఉన్న చోటు నుంచి ఎక్స్40, జెడ్-30 బిందువుకు ఏటవాలుగా వెళ్లమని దానికి చెప్పినట్టు. అంతకుముందు వరుసలో జి00 ఉంటే ఆ ప్రయాణం పూర్తి వేగంతో సాగి, టూల్ జాబ్‌లోకి దిగబడుతుంది.

ఇలాంటి తేడాలను శిక్షణలో తరచూ పట్టికలోని మినహాయింపులుగా చెప్పి వదిలేస్తారు. అది సరికాదు. లేత్‌లో తిరిగేది జాబ్, మిల్లింగ్‌లో తిరిగేది టూల్. రెండు కోడ్‌ల మధ్య తేడాల్లో ముఖ్యమైనవి చాలావరకు ఇక్కడి నుంచే పుట్టాయి.

మూలం మాత్రం ఉమ్మడిదే. 1952లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ ప్రదర్శించిన సంఖ్యా నియంత్రిత యంత్రం ఒక మిల్లింగ్ మెషిన్. తర్వాత ఆర్‌ఎస్-274-డి, ఐఎస్‌ఓ 6983 ప్రమాణాలు వచ్చాయి. వేగంగా జరగడానికి జి00, సరళరేఖలో కోయడానికి జి01, వంపులకు జి02, జి03, స్పిండిల్‌కు ఎం03, కూలెంట్‌కు ఎం08, ముగింపుకు ఎం30 రెండు చోట్లా ఒకటే. కొన్ని సంఖ్యలను ప్రమాణాలు తయారీదార్లకే వదిలేశాయి. దారులు చీలడానికి అదీ ఒక కారణం.

మొదట కొలత సంగతి. మిల్లింగ్‌లో జి90 అంటే జీరో నుంచి, జి91 అంటే ఉన్న చోటు నుంచి. లేత్‌లో ఎక్స్ అంటే డయా. ఎక్స్40 అంటే టూల్ మధ్యరేఖకు 20 మి.మీ. దూరంలో ఉన్నట్టు. ఉన్న చోటు నుంచి జరగాలంటే యు, డబ్ల్యు అక్షరాలున్నాయి. ‘ఎక్స్40. డబ్ల్యు-10.’ అని రెండు పద్ధతులనూ ఒకే వరుసలో కలపొచ్చు. జి90కి ఆ పని లేకపోవడంతో ఆ సంఖ్య టర్నింగ్ సైకిల్‌కు దక్కింది. ఇక్కడ నా ఓటు లేత్‌కే. జి91 ఒకసారి పెడితే రద్దు చేసేదాకా అమల్లో ఉంటుంది, దాన్ని మరచిపోతే తర్వాతి వరుసలన్నీ దారి తప్పుతాయి. లేత్‌లో ఏ కొలత ఏ లెక్కదో ఆ వరుసలోనే కనిపిస్తుంది.

వేగం దగ్గర తేడా ఇంకా లోతైనది. మిల్లింగ్ కట్టర్ డయా మారదు, కాబట్టి నిమిషానికి ఇన్ని తిరుగుళ్లని చెబితే చాలు. లేత్‌లో ఫేసింగ్ చేస్తుంటే కోసే చోట డయా తగ్గుతూ పోతుంది. అందుకే జి96. ‘జి96 ఎస్200’ అంటే కోత వేగం నిమిషానికి 200 మీటర్లు. 100 మి.మీ. డయా దగ్గర స్పిండిల్ సుమారు 637 తిరుగుళ్లు తిరిగితే, 20 మి.మీ. దగ్గర సుమారు 3183 తిరగాలి. మధ్యకు చేరేకొద్దీ ఆ లెక్కకు అంతుండదు. చక్ పట్టు సడలే ప్రమాదం ఉంది కనుక జి50తో గరిష్ఠ వేగానికి హద్దు పెట్టి తీరాలి. మిల్లింగ్‌లో అదే జి50 స్కేలింగ్‌ను రద్దు చేస్తుంది. ఇక లేత్‌లో ఫీడ్‌ను జి99 తిరుగుడు లెక్కకు, జి98 నిమిషం లెక్కకు మారుస్తాయి. మిల్లింగ్‌లో ఇవే కోడ్‌లు రంధ్రం వేశాక టూల్ ఏ ఎత్తుకు తిరిగి రావాలో చెబుతాయి.

టూల్ విషయంలో మాత్రం మిల్లింగ్ పద్ధతికే మొగ్గుతాను. లేత్‌లో ‘టి0101’ అంటే టూల్ సంఖ్య, ఆఫ్‌సెట్ సంఖ్య కలిసే వస్తాయి. మిల్లింగ్‌లో టి01 ఎం06తో టూల్ మార్చాక, జి43 హెచ్01తో పొడవు, జి41 లేదా జి42తో పాటు డి01 రాసి వ్యాసార్థం విడిగా చెప్పాలి. ఇది వృథా శ్రమ కాదు. ఒకే కట్టర్‌కు రఫింగ్‌లో ఒక డి, ఫినిషింగ్‌లో మరో డి ఇచ్చి సైజు తేవచ్చు. కాకపోతే జి43 మరచిన రోజు పొడవు లెక్క తప్పి టూల్ బల్లకే తగలొచ్చు.

సైకిళ్లలో రెండు యంత్రాల స్వభావం తేటగా బయటపడుతుంది. లేత్‌లో పూర్తయిన ఆకారపు గీతను ఒక్కసారి రాసి జి71 ఇస్తే, కోత లోతును బట్టి పాస్‌లన్నీ కంట్రోలే లెక్కేసుకుంటుంది. చివరి ఫినిషింగ్‌కు జి70. మిల్లింగ్‌లో జి81, జి83 బిందువు తర్వాత బిందువుగా రంధ్రాలు వేస్తాయి. జి76 లేత్‌లో మర కోసే సైకిల్, మిల్లింగ్‌లో నునుపైన బోరింగ్ సైకిల్. టర్నింగ్ ఆకారం రెండు అక్షాల మీది గీత గనుక మనిషి చేత్తో రాయగలడు. మూడు అక్షాల ఉపరితలాన్ని అలా రాయడం కష్టం, అందుకే ఆ పని క్యామ్ సాఫ్ట్‌వేర్‌కు వెళ్లింది. ఫలితంగా వేల వరుసల మిల్లింగ్ ప్రోగ్రాములను చదవకుండానే నడిపే అలవాటు పెరిగింది. ఇది ప్రమాదకరం.

ఒక సంగతి తయారీదార్లకు గుర్తు చేయాలి. ఇక్కడ పోల్చింది ఫానుక్ ‘ఎ’ పద్ధతి లేత్‌ను. ఆ సంస్థ ‘బి’, ‘సి’ పద్ధతుల్లో లేత్‌కు కూడా జి90, జి91 మిల్లింగ్ అర్థంలోనే ఉన్నాయి. అంటే డయా కొలత, జి96 లేత్ స్వభావం నుంచి వచ్చిన అవసరాలైతే, ఒకే సంఖ్యకు రెండు అర్థాలు కట్టబెట్టడం తయారీదారు ఎంపిక. మొదటివి మెచ్చుకోదగ్గవి. రెండోదాని మూల్యాన్ని చెల్లిస్తున్నది షాపులో ఆపరేటరు.

మన ఐటీఐల్లో టర్నర్, మెషినిస్ట్ వేర్వేరు ట్రేడ్‌లు. ఉద్యోగంలో చేరాక ఆ గీత నిలవదు, లేత్ నేర్చినవాడు వీఎంసీ ముందు నిలబడాల్సి వస్తుంది. అతనికి కావలసింది కోడ్‌ల కంఠపాఠం కాదు. ఏది తిరుగుతోంది, ఫీడ్ దేని లెక్క, టూల్ పొడవు ఎక్కడ నమోదైంది, ఇంతకుముందు పెట్టిన ఏ కోడ్ ఇంకా అమల్లో ఉంది అన్న నాలుగు ప్రశ్నలు కావాలి. వాటికి జవాబు తెలిశాకే సైకిల్ స్టార్ట్ బటన్ మీద చెయ్యి వేయాలని మొదటి రోజే నేర్పాలి.