గుర్తింపు అంటే కార్డేనా?

మన రాతలన్నీ గుర్తింపు కోసమే కదా. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ వచ్చిన నాటి నుంచీ ముస్లింని పరాయివాడిగా చూసే చూపును తెలుగులో నిలదీస్తూనే ఉన్నాం. మంచిదే. కానీ ఉప్పల్, నాచారం పారిశ్రామికవాడల్లో ఆ మాటకు ఇంకో అర్థం ఉంది. అక్కడ గుర్తింపు అంటే జేబులో ఉండాల్సిన కార్డు. ఈ అర్థాన్ని మనం అంతగా పట్టించుకోలేదన్నదే నా ఫిర్యాదు.

నాచారంలో ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. నెలకు 21,000 రూపాయల లోపు జీతమున్న కార్మికుడి నుంచి 0.75 శాతం, యజమాని నుంచి 3.25 శాతం జమైతే అతనికీ, కుటుంబానికీ వైద్యం అందుతుంది. మరి బిహార్ నుంచో ఒడిశా నుంచో వచ్చి ఆ చుట్టుపక్కలే పనిచేసేవాడి పేరు కాంట్రాక్టరు ఎక్కించకపోతే? దవాఖాన కళ్లెదుటే ఉంటుంది. అతనిది కాదు.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితి తెలంగాణలో 2023 డిసెంబరులో 10 లక్షలైంది. అది ఈ రాష్ట్రపు పేదల కోసం, తెల్లరేషన్ కార్డు కొలతగా పుట్టిన పథకం. 2018 నాటి ఆయుష్మాన్ కార్డు వేరే రాష్ట్రంలోనూ చెల్లుతుందంటారు. ఆసుపత్రిలో చేరితేనే! జ్వరానికి, దగ్గుకు రాయించుకునే ఓపీ చీటీకి చెల్లదు. బస్తీ దవాఖానాలో మందులు ఉచితమే, కానీ అది తెరిచి ఉండే పగటిపూట ఇతను మిషన్ దగ్గర ఉంటాడు. వెళితే ఆ రోజు కూలి పోతుంది. చివరికి మెడికల్ షాపువాడే అతని డాక్టరు.

ఇది మన దేశపు లోపం మాత్రమే అనుకోవద్దు. మన ఈఎస్ఐ చట్టం వచ్చిన 1948లోనే బ్రిటన్ అందరికీ ఉచిత వైద్యం మొదలుపెట్టింది. అక్కడ చదువుకోబోయే మన పిల్లలు ఆ వైద్యం కోసం ఏడాదికి 776 పౌండ్ల లెక్కన వీసాతోపాటే ముందుగా కట్టాలి. 2024లో పెంచిన రేటు ఇది. ‘అందరూ’ అన్న మాటకు అక్కడా కంచె ఉంది.

ఆ బిహారీ కూలీ ముస్లిమైతే ‘ఎక్కడోడివి?’ అన్న ప్రశ్న రెండింతలు బరువు. అతని పక్కన నిలబడ్డ ఒడియా హిందువుకూ అదే ప్రశ్న. మరి మనం? మసీదులో ఒకే సఫ్‌లో భుజం కలిపి నిలబడి, బయటికొచ్చాక ‘బిహారోడు’ అనడం లేదా?

పరాయివాళ్లనిపించుకున్న బాధ మనకు తెలుసు. తెలిసీ పక్క గదిలో జ్వరంతో మూలుగుతున్నవాడి గురించి రాయకపోతే, మన గుర్తింపు పోరాటం మన గడప దాటనట్టే.