‘ఆదిత్య 369’: కాలవిరోధము, న్యాయవిరోధము

దండి కావ్యాదర్శమున పేర్కొన్న పది దోషములలో కడపటిది దేశ, కాల, కళా, లోక, న్యాయ, ఆగమ విరోధము. కవికౌశలముచేత నిట్టి విరోధము గుణము కావచ్చునని ఆయనయే అంగీకరించెను. కాలయాత్రను వస్తువుగా గొన్న కథకు కాలవిరోధమే బీజము; కావున దానిని దోషమనరాదు. అట్టి కథయందు విచారింపవలసినది న్యాయవిరోధమని మా అభిప్రాయము.

సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వమున 1991లో వెలువడిన ‘ఆదిత్య 369’ చలనచిత్రమును ఈ దృష్టితో పరిశీలింతము. అందు కాలయంత్రము నాయికానాయకులను 1526కును, పిమ్మట 2504కును గొనిపోవును.

మొదట చరిత్ర విషయము. 1526, అనగా శాలివాహన శకము 1448, వ్యయ సంవత్సరము, కృష్ణదేవరాయల పాలనాకాలము (1509–1529) లోనిదే. పెద్దన, తిమ్మనలు రాయల ఆశ్రితులనుటకు మనుచరిత్ర, పారిజాతాపహరణముల అంకితములే సాక్ష్యము. తెనాలి రామకృష్ణుని విషయ మట్లు కాదు. పాండురంగమాహాత్మ్యము విరూరి వేదాద్రి మంత్రికి అంకితము. ఆ కవి రాయల తరువాతివాడని పలువురు పరిశోధకుల తలంపు. ఐనను చిత్రమున నతడు రాయల కొలువులో గానవచ్చును. ఈ దోషము చిత్రకర్తలకంటె చాటుకథలది, వానిని చరిత్రగా బోధించిన వాచకములది.

న్యాయవిరోధము ఇంతకంటె గురుతరము. రాజాము ప్రాంతమువారు ఎఱిగిన ఉదాహరణము నొకటి గొందము. 1757 జనవరి 24న బొబ్బిలి కోట పడునప్పుడు తాండ్ర పాపారాయుడు రాజాములో నుండెననియు, వార్త ఆలస్యముగా చేరెననియు ప్రసిద్ధి. కాలయంత్రముపై నొకడు పోయి ఆ వార్తను ముందుగా నందించెననుకొందము. కోట నిలుచును, విజయరామరాజు వధ జరుగదు, బొబ్బిలి కథ పుట్టదు. అప్పుడా యాత్రికుడు ఏ కథ విని బయలుదేరినట్లు? కార్యము తన కారణమునే హరించినది.

‘ఆదిత్య 369’ ఈ చిక్కును విప్పదు, దాటిపోవును. పరకాలపు మనుష్యులు రాయల కొలువున సంచరించి వచ్చినను 1991 నాటి లోకము మారినట్లు కథ చూపదు. 1535 ప్రాంతమున విజయనగర చరిత్ర వ్రాసిన పోర్చుగీసువాడు నూనిజ్ చెవికి ఇంతటి వింత సోకకుండుట యెట్లు? వారి రాక చరిత్రలో మొదటినుండియు నున్నదేయని తెలుపు కల్పిత శాసన మొకటి చాలును, ఈ కొఱత తీరెడిది.

ఐనను ఒక మాట. 1895 నాటి వెల్స్ నవలలో యాత్రికుడు భవిష్యత్తునకే పోవును గనుక ఈ చిక్కు అంతగా లేదు. తెలుగు చిత్రము కఠినతరమైన భూతకాలమార్గమును పట్టినది. దాని దోషములు విచారణార్హములగుటయే దాని యోగ్యత. రామకృష్ణుని కాలనిర్ణయము మాత్రము పరిశోధక విద్యార్థులు సాక్ష్యములతో మఱల పరిశీలింపవలసియున్నది.